డిస్కు పెడదామా, లైను పెంచుదామా?

మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఒక కాలేజీ ల్యాబ్ అనుకుందాం. అరవై కంప్యూటర్లు, బయటి ప్రపంచానికి ఒకే ఒక్క ఇంటర్నెట్ లైను, ఆ రెంటికీ నడుమ లినక్స్ మీద నడిచే స్క్విడ్ ప్రాక్సీ సర్వరు. ఒకరు అడిగిన ఫైలును తన దగ్గర దాచి, మరొకరు అడిగినప్పుడు బయటికి పోకుండా ఇవ్వడం దాని పని. ఎక్కడ దాచాలి, ఎంత దాచాలి, దేన్ని దాచాలి అన్నచోట ఇద్దరికి పొసగలేదు. ఒకరు పాతికేళ్ళుగా ల్యాబ్‌లు చూసిన మాస్టారు, ఆయనది డిస్కు పక్షం. రెండో ఆయన నెట్‌వర్క్ పని చేసే కుర్రాడు, ఆ డబ్బేదో లైనుకూ మెమొరీకీ పెట్టమంటాడు. ఇద్దరికీ స్క్విడ్ లోతుపాతులు తెలుసు. వాదన ఒక పట్టాన తెగకపోవడానికి అదే కారణం.

డిస్కు పక్షం: పశ్చిమ ప్రకాశంలో పుట్టినవాళ్ళకు నిల్వ సంగతి విడమరిచి చెప్పాలా? కంభం చెరువు కట్టిన విజయనగర కాలపువాళ్ళు గుండ్లకమ్మ ఏడాది పొడుగునా పారుతుందని నమ్ముకొని కూర్చోలేదు. పారినప్పుడే పట్టి ఉంచుకున్నారు. శ్రీశైలం నీళ్ళను సొరంగాల గుండా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు కోసం ఈ ఊళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూశాయి. ఇంటర్నెట్ కూడా ఇక్కడికి దూరం నుంచి రావలసిందే. ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయల కనెక్షన్ పెద్ద వార్త. నేల తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగారు కాబట్టే అంత చవగ్గా, అంత తొందరగా పల్లెల దాకా వచ్చింది. అదే తీగ గాలివానకూ చెట్టుకొమ్మకూ ఎత్తుగా లోడేసిన లారీకీ కూడా అందుబాటులోనే ఉంటుంది. పదింటికి ల్యాబ్ పరీక్ష పెట్టుకున్నాక తొమ్మిదిన్నరకు లైను పోతే ఎవర్ని అడగాలి?

లైను పక్షం: లైను పోయాక మీ డిస్కు మాత్రం ఏం చేసిద్ది మాస్టారూ? దాచిన ఫైలుకు గడువు తీరితే, అది మారిందో లేదో అసలు సర్వరును అడిగాకే స్క్విడ్ ఇస్తుంది. అడగడానికి లైనే లేదు. గడువు తీరని కాసిని ఫైళ్ళు తప్ప మిగతావి వస్తాయన్న భరోసా లేదు.

డిస్కు పక్షం: ఆఫ్‌లైన్ మోడ్ అని ఒక మీట ఉంది. అది వేస్తే గడువు సంగతి పట్టించుకోకుండా ఉన్నది ఇచ్చేస్తుంది.

లైను పక్షం: ఆ మీట వేసి మర్చిపోతే వారం తర్వాత పిల్లలు పాత నోటిఫికేషన్ చదువుకుంటూ ఉంటారు. సరే, అది చిన్న సంగతి. అసలు చిక్కు వేరే ఉంది. మీరు చెప్పిన చెరువులో దిగి నీళ్ళు ముంచుకోవచ్చు. ఇప్పటి వెబ్‌లో ముంచుకోవడానికి వీల్లేదు. స్క్విడ్ పుట్టింది 1996లో. అమెరికాలో హార్వెస్ట్ అనే పరిశోధనలోంచి డ్వేన్ వెసెల్స్ దాన్ని బయటికి తీశాడు. అప్పుడు వెబ్ అంతా మామూలు హెచ్‌టీటీపీ. దారిలో ఉన్న ప్రతి యంత్రమూ పేజీని చదవగలదు, దాచగలదు. ఇప్పుడు బ్రౌజరు ప్రాక్సీకి ఫలానా సర్వరుతో కలపమని మాత్రమే చెబుతుంది. ఆ తర్వాత పోయేవన్నీ తాళం వేసిన అంకెలు. స్క్విడ్ రెండు కొసలూ కలిపి పక్కకు తప్పుకుంటుంది. లాగ్ తెరిస్తే వరసగా టీసీపీ టనెల్, టీసీపీ టనెల్ అనే కనిపిస్తుంది.

వికీపీడియా 2015 జూన్‌లో మొత్తంగా హెచ్‌టీటీపీఎస్‌కు మారింది. తెలుగు వికీపీడియా కూడా అందులోదే. ఆ ఏడాది చివరికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ వచ్చి సర్టిఫికెట్లు ఉచితంగా పంచింది. 2018 జులైలో వచ్చిన క్రోమ్ 68, తాళం లేని ప్రతి సైటు మీదా సురక్షితం కాదని ముద్ర వేసింది. ఇవాళ తెరిచే పేజీల్లో పదింట తొమ్మిదికి పైగా మీ ప్రాక్సీకి కనిపించవు. కనిపించనిదాన్ని దాచడానికి 500 జీబీ డిస్కు ఎందుకండీ?

డిస్కు పక్షం: పేజీల సంగతి ఒప్పుకోవలసిందే. 2009 తర్వాత కేంద్రం జాతీయ విద్యా మిషన్ కింద కాలేజీలకు బీఎస్ఎన్ఎల్ కనెక్షన్లు ఇచ్చిన రోజుల్లో ఒక్కొక్కటి 512 కేబీపీఎస్. దాంతో ల్యాబ్ మొత్తం నడవాలి. అప్పట్లో పేజీలూ బొమ్మలూ డిస్కులో దాస్తే కళ్ళకు కట్టినట్టు తేడా తెలిసేది. ఆ కాలం పోయింది. కానీ ల్యాబ్ లైనును నిజంగా తినేది పేజీలు కాదు సార్. విండోస్ అప్‌డేట్లు, ఉబుంటు ప్యాకేజీలు, కంపైలర్లు. ఇవి ఇప్పటికీ చాలావరకు మామూలు హెచ్‌టీటీపీ మీదే వస్తాయి. డెబియన్, ఉబుంటు ప్యాకేజీల జాబితా మీద డిజిటల్ సంతకం ఉంటుంది, దారిలో ఎవరైనా చెయ్యి పెడితే పట్టుబడిపోతుంది. అందుకని దారికి తాళం వెయ్యకపోయినా వాళ్ళకు దిగులు లేదు. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఫైళ్ళదీ అదే పద్ధతి. స్వేచ్ఛ సంస్థవాళ్ళు మన కాలేజీల్లో తెలుగు లినక్స్ వేయించిన రోజుల్నుంచీ ఈ పని చేసే ల్యాబ్‌లు ఉన్నాయి.

లెక్క కట్టండి. 600 ఎంబీ అప్‌డేటు, అరవై కంప్యూటర్లు, మొత్తం 36 జీబీ. 100 ఎంబీపీఎస్ లైను ఒక్క చుక్క పోకుండా పారినా 48 నిమిషాలు. అంటే ల్యాబ్ పీరియడ్ హరీ. ప్రాక్సీ ఒక్కసారి తెచ్చుకుంటే 48 సెకన్లు, అక్కణ్ణుంచి లోపలి గిగాబిట్ నెట్‌వర్క్ మీద అరవైమందికీ పంచడానికి ఐదు నిమిషాలు. ఈ తేడాను మీరు ఎంత లైను కొని పూడుస్తారు?

లైను పక్షం: లెక్క బాగుంది. స్క్విడ్‌ను వేసింది వేసినట్టు వదిలేస్తే మాత్రం ఆ లెక్కలో ఒక్క అంకె కూడా నిజం కాదు. డిస్కులో దాచే ఫైలు పరిమాణానికి దాని సొంత హద్దు 4 ఎంబీ. మీ 600 ఎంబీ ఫైలు వస్తుంది, పోతుంది, డిస్కు మీద మచ్చ కూడా పడదు. ఇక అరవై కంప్యూటర్లు ఒకేసారి ఆన్ అయి ఒకే ఫైలు అడిగాయనుకోండి. మొదటిది ఇంకా దిగుతుండగానే మిగతా యాభై తొమ్మిదీ బయటికే పరుగెడతాయి. వాటన్నిటినీ ఒకే అడుగుగా కలిపే కొలాప్స్‌డ్ ఫార్వర్డింగ్ అనే మీట ఉంది, అది మామూలుగా వేసి ఉండదు. పైగా విండోస్ ఫైలును మొత్తంగా అడగదు, ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా అని ముక్కలుగా అడుగుతుంది. ముక్కల్ని స్క్విడ్ దాచుకోదు.

సరే, ఈ మూడూ సరిచేశారు, ఫైలు డిస్కు మీదికి వచ్చింది. అప్పుడు అరవైమందికీ దాన్ని ఇచ్చేది ఎవరు? డిస్కా? కాదు. లినక్స్ కెర్నెల్ ఈమధ్య చదివిన ఫైళ్ళను ఖాళీ ర్యామ్‌లో అట్టిపెట్టుకుంటుంది. 600 ఎంబీ ర్యామ్‌లో సుబ్బరంగా పడుతుంది. మొదటి కంప్యూటరు తర్వాత మీ డిస్కు తిరగనే తిరగదు. గెలిపించింది మెమొరీ, దండలేమో డిస్కు మెడలో వేస్తున్నారు.

ఈ దెబ్బ గట్టిదే. స్క్విడ్ పెట్టిన చాలామంది హిట్లు, అంటే దాచినదాంట్లోంచే ఇచ్చిన సందర్భాలు, రావడం లేదని విసుక్కొని తీసేస్తారు, 4 ఎంబీ హద్దు దగ్గరే ఆగిపోయామని వాళ్ళకు తెలియదు.

డిస్కు పక్షం: ర్యామ్‌కు జ్ఞాపకం ఎంతసేపు? కరెంటు ఉన్నంతసేపు. వేసవిలో మన దగ్గర కరెంటు ఎట్లా పోతుందో చెప్పాలా? పొద్దున మొదటి ల్యాబ్‌లో దిగిన ఫైలు, మధ్యాహ్నం యూపీఎస్ చేతులెత్తేశాక రెండో ల్యాబ్‌కు కావాలి. ర్యామ్ ఖాళీ, డిస్కు మీద ఫైలు భద్రం. వడ్డించింది ర్యామే కావచ్చు, నిలబెట్టింది డిస్కు.

ఇక ఆ మూడు లోపాలకూ మందులున్నాయి. స్క్విడ్ సెట్టింగుల ఫైల్లో ఆ హద్దును 4 ఎంబీ నుంచి 4 జీబీకి పెంచే వాక్యం రాయాలి. అదీ డిస్కు మీద ఎక్కడ, ఎంత దాచాలో చెప్పే క్యాష్ డిర్ అనే వాక్యానికి పైన రాయాలి. కింద రాస్తే పాత హద్దే అంటుకొని కూర్చుంటుంది, సగంమంది పడేది ఈ ఒక్క వరస దగ్గరే. కొలాప్స్‌డ్ ఫార్వర్డింగ్ ఆన్ చెయ్యాలి. ముక్క అడిగినా మొత్తం ఫైలు తెచ్చుకొమ్మని రేంజ్ ఆఫ్‌సెట్ లిమిట్ అనే వాక్యం, అడిగినవాడు మధ్యలో కిటికీ మూసేసినా డౌన్‌లోడ్ ఆపవద్దని క్విక్ అబార్ట్ అనే వాక్యం. నాలుగు వరసలు.

లైను పక్షం: ఆ చివరి రెండు వరసలే లైనును తినేస్తాయి. ఎవడో 3 జీబీ ఫైల్లో మొదటి ముక్క అడిగి పోతాడు. స్క్విడ్ మాత్రం 3 జీబీ మొత్తం తెచ్చేదాకా నిద్రపోదు.

డిస్కు పక్షం: అందుకే రేంజ్ వాక్యాన్ని అన్ని సైట్లకూ పెట్టకూడదు. అప్‌డేట్ సర్వర్ల పేర్లు జాబితాగా రాసి వాటికే పరిమితం చెయ్యాలి.

లైను పక్షం: జాబితా ఎవరు చూసుకుంటారన్నది తర్వాత అడుగుతా. ముందు పరిమాణం సంగతి తేలాలి. 500 జీబీ డిస్కు ఉంది కదా అని 500 రాసేస్తారు. ఆ డిస్కులో ఏది ఎక్కడుందో చెప్పే పట్టిక మొత్తం ర్యామ్‌లో ఉండాలి. 64 బిట్ యంత్రంలో ప్రతి జీబీ డిస్కుకూ 14 ఎంబీ ర్యామ్ అని స్క్విడ్ వాళ్ళే చెబుతారు. 500 జీబీకి 7 జీబీ. ల్యాబ్‌లో పక్కన పడేసిన 8 జీబీ పాత మిషనే కదా మీరు ప్రాక్సీ చేసేది? పట్టికకే ర్యామ్ చాలక స్వాప్‌లోకి పోతే ప్రాక్సీ లేని ల్యాబే నయం అనిపిస్తుంది.

డిస్కు పక్షం: ఆ 14 ఎంబీ లెక్క సగటు ఫైలు 13 కేబీ అనుకొని వేసింది. అంటే ఒక జీబీలో 80 వేల పైచిలుకు ఫైళ్ళు, ఫైలుకు 180 బైట్ల వివరం. మనకు చిన్న ఫైళ్ళే అక్కర్లేదని ముందే తేల్చుకున్నాం. క్యాష్ డిర్ వాక్యంలో మిన్ సైజ్ అని రాయవచ్చు. ఒక ఎంబీకి తక్కువైనదాన్ని డిస్కు గడప తొక్కనివ్వొద్దని చెబితే 500 జీబీలో మహా అయితే 5 లక్షల ఫైళ్ళు. పట్టిక 90 ఎంబీ దగ్గర ఆగుతుంది. చిన్నవి కావాలంటే క్యాష్ మెమ్‌లో, అంటే ర్యామ్‌లో తిరుగుతాయి. అక్కడ 256 ఎంబీ మామూలుగానే ఉంటుంది.

ఇక్కడికి వచ్చేసరికి వాదన రూపం మారింది. డిస్కు ఎంత పెద్దది అన్న ప్రశ్న పక్కకు జరిగి, దాని గడప ఎవరు దాటాలి అన్నది ముందుకు వచ్చింది.

లైను పక్షం: అయితే 500 కూడా వద్దు. పెద్ద డిస్కు పెడితే పెద్ద లాభం అన్నది 1999లోనే తేలిపోయిన భ్రమ. లీ బ్రెస్లావ్, పేయ్ కావ్ తదితరులు ప్రాక్సీల లాగులు చదివి చెప్పారు. కొన్ని ఫైళ్ళను అందరూ అడుగుతారు, మిగతావాటికి పొడవాటి తోక ఉంటుంది. కాబట్టి డిస్కు పెరిగేకొద్దీ హిట్లు లాగరిథమ్ లెక్కన నత్తనడక నడుస్తాయి. డిస్కు రెట్టింపు చేసిన ప్రతిసారీ కలిసొచ్చేది ఇంతే ఇంత. అకమై సంస్థ అయితే తన సర్వర్లలో చూసింది, ఫైళ్ళలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒక్కసారే అడిగి మళ్ళీ అడగనివి. వాటిని డిస్కు మీద రాయడమే దండగ. అందుకని రెండోసారి అడిగాకే రాయడం మొదలుపెట్టారు. డిస్కు మీది రాతలు సగానికి దగ్గరగా తగ్గాయి. బ్రూస్ మ్యాగ్స్, రమేశ్ సీతారామన్ 2015లో ఇది రాశారు.

డిస్కు పక్షం: ఒప్పుకున్నట్టే. 60 జీబీ చాలు, కావలిస్తే 100. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో తేల్చే పద్ధతి కూడా మార్చాలి. మామూలుగా స్క్విడ్ ఎల్ఆర్‌యూ లెక్కన ఎక్కువ కాలం అడగనిదాన్ని పారేస్తుంది. హెచ్‌పీ ల్యాబ్స్ వాళ్ళ పరిశోధనలోంచి రెండు పద్ధతులు స్క్విడ్‌లోకి వచ్చాయి. జీడీఎస్ఎఫ్ చిన్న ఫైళ్ళను వెనకేసుకొస్తుంది, హిట్ల సంఖ్య బాగా కనిపిస్తుంది. ఎల్ఎఫ్‌యూడీఏ పెద్ద ఫైలైనా అందరూ అడుగుతుంటే ఉంచుతుంది, ఆదా అయ్యే బైట్లు పెరుగుతాయి. లైను బిల్లు బైట్లలో కడతాం, హిట్లలో కాదు. కాబట్టి రెండోదే.

లైను పక్షం: ఏ డిస్కు? ల్యాబ్‌లో మూల పడి ఉన్న పాత హార్డ్ డిస్కా? 7200 చుట్లు తిరిగే డిస్కు అటూ ఇటూ గెంతుతూ చదవాలంటే సెకనుకు వంద చదువులు దాటదు.

డిస్కు పక్షం: గెంతించేది చిన్న ఫైళ్ళు. మన దగ్గర పెద్దవే ఉన్నాయి, వరసగా చదువుతుంది, పాత డిస్కయినా గిగాబిట్‌కు దరిదాపుల్లో ఇస్తుంది. ఎస్ఎస్‌డీ పెట్టినా తప్పు లేదు. రాతలకు అరిగిపోతుందని భయపెడతారు. పేరున్న 250 జీబీ ఎస్ఎస్‌డీకి కంపెనీ 150 టెరాబైట్ల రాతలకు హామీ ఇస్తుంది. రోజుకు 40 జీబీ రాసినా ఏడాదికి 15 టెరాబైట్ల లోపే, పదేళ్ళు వస్తుంది. అంతకు ముందే మదర్‌బోర్డు పోతుంది.

రెయిడ్ జోలికి మాత్రం పోవద్దు. రెయిడ్ 5 ప్రతి రాతకూ అదనపు పని చేయిస్తుంది, ఇక్కడ కాపాడుకోవలసిన సరుకు ఏమీ లేదు. డిస్కు చచ్చిపోతే పోయింది, ఫైళ్ళు మళ్ళీ తెచ్చుకుంటాం. రెండు డిస్కులుంటే రెండు క్యాష్ డిర్ వాక్యాలు రాస్తే స్క్విడే సర్దుకుంటుంది. పార్టిషన్‌లో ఎనభై శాతమే దానికి చెప్పాలి, మొత్తం చెబితే గొంతు దాకా నిండి ఒకరోజు ఆగిపోతుంది. నోఎటైమ్ పెట్టి మౌంట్ చేస్తే చదివిన ప్రతిసారీ చదివిన టైము రాసే బాధ తప్పుతుంది. యూఎఫ్ఎస్ పద్ధతిలో డిస్కు కదిలేదాకా ప్రాక్సీ మొత్తం నిలబడిపోతుంది, ఏయూఎఫ్ఎస్ ఆ పనిని త్రెడ్లకు అప్పగిస్తుంది. చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉండి, స్క్విడ్ నాలుగైదు వర్కర్లతో నడిచేచోట రాక్ అనే పద్ధతి ఉంది. మనకు ఏయూఎఫ్ఎస్ చాలు. పదహారు డైరెక్టరీలు, ఒక్కొక్కదాంట్లో 256 అన్న పాత అంకెలు కదపక్కర్లేదు.

లైను పక్షం: ఇప్పుడు అడుగుతా. ఇందాకటి నుంచి ఎన్ని వరసలయ్యాయి? హద్దు ఒకటి, మిన్ సైజు ఒకటి, రేంజి, అబార్టు, సర్వర్ల జాబితా, ఎల్ఎఫ్‌యూడీఏ, నోఎటైము. ఇవన్నీ తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఉంటాడా? మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కి హైదరాబాదో బెంగళూరో పోయిన కుర్రాళ్ళకు తెలుసు. సెట్టింగుల ఫైలు రాసినవాడు పోతాడు, ఫైలు మిగిలిద్ది. మైక్రోసాఫ్ట్ రేపు సర్వరు పేరు మారిస్తే మీ జాబితా గుడ్డిదైపోయిద్ది, ఎవరికీ తెలియదు. కరెంటు ఠక్కున పోతే స్క్విడ్ తన పట్టికను శుభ్రంగా మూసుకోలేదు. తిరిగి లేచాక డిస్కులో ఏముందో మళ్ళీ లెక్క చూసుకోవాలి. ఆ పట్టిక పాడైతే ఒక్కొక్క ఫైలూ తెరిచి చూడాలి.

భద్రత మాటేమిటి? 2023 అక్టోబరులో జాషువా రోజర్స్ అనే పరిశోధకుడు స్క్విడ్‌లో తాను కనిపెట్టిన 55 లోపాలు బయటపెట్టాడు. రెండేళ్ళ ముందే చెప్పినా చాలావాటికి అప్పటికి మందు లేదు. చేసేవాళ్ళు గుప్పెడుమంది, పాపం వాళ్ళ తప్పూ కాదు. వార్నిష్ అనే మరో క్యాష్ సాఫ్ట్‌వేరు రాసిన పౌల్ హెనింగ్ క్యాంప్ 2006 నాటికే అన్నాడు. ర్యామ్‌లో ఏది ఉంచాలో డిస్కుకు ఏది పంపాలో ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుంటే, స్క్విడ్ మళ్ళీ అదే పని తానూ చేస్తూ దాంతో కుస్తీ పడుతుందని. వికీపీడియా నడిపే వికీమీడియా కూడా ఏళ్ళ తరబడి స్క్విడ్ వాడి వదిలేసి వార్నిష్‌కు పోయింది.

డిస్కు పక్షం: వికీమీడియా కథ సగంలో ఆపారు. వార్నిష్‌కు పోయాక డిస్కు పనికి అది సరిపడలేదు. ముందు వరసలో మెమొరీలో వార్నిష్‌ను ఉంచి, వెనక వరసలో అపాచీ ట్రాఫిక్ సర్వర్‌ను పెట్టుకున్నారు. ఆ వెనక వరస డిస్కులతోనే నడుస్తుంది. సాఫ్ట్‌వేరు మారింది సార్, మెమొరీ వెనక డిస్కు అన్న ఏర్పాటు మారలేదు. నెట్‌ఫ్లిక్స్ సంగతి చూడండి. ఓపెన్ కనెక్ట్ పేరుతో డిస్కులు నింపిన పెట్టెలను ఇంటర్నెట్ కంపెనీల గదుల్లోనే పెట్టింది. రద్దీ లేని వేళల్లో నింపుకుంటాయి, సాయంత్రం పంచుతాయి. గూగుల్ యూట్యూబ్ కోసం అదే చేస్తుంది. లైను పెంచండి అంటున్నారు, ఆ లైను వేగంగా ఉండడానికి కారణం అవతలి కొసన ఎవరో డిస్కు పెట్టడమే.

లైను పక్షం: అక్కడే మీరు మా వైపు వచ్చారు. డిస్కు ఉండాల్సిన చోటికి డిస్కు వెళ్ళిపోయింది. వేలమంది, లక్షలమంది ఒకే ఫైలు అడిగే చోటికి. ఇందాకటి 1999 పరిశోధనే చెప్పింది, హిట్లు డిస్కుతోపాటు అడిగే జనంతో కూడా పెరుగుతాయని. మీ అరవైమందికి అదే పెట్టె పెడితే ఏం వస్తుంది? పైగా నెట్‌ఫ్లిక్స్ పెట్టెలో తాళంచెవి నెట్‌ఫ్లిక్స్‌దే. మీ పెట్టెకు ఏ తాళంచెవీ లేదు.

డిస్కు పక్షం: తాళంచెవి తయారు చేసుకోవచ్చు. ఎస్ఎస్ఎల్ బంప్ అని స్క్విడ్‌లోనే ఉంది. కాలేజీ సొంత సర్టిఫికెట్ ఒకటి ల్యాబ్ కంప్యూటర్లలో వేస్తే, ప్రాక్సీ మధ్యలో విప్పి చూసి, దాచి, మళ్ళీ తాళం వేసి పంపుతుంది. కంప్యూటర్లు కాలేజీవే.

లైను పక్షం: కంప్యూటరు కాలేజీది, అందులో టైపు చేసే పాస్‌వర్డు పిల్లవాడిది. ల్యాబ్‌లో కూర్చొని స్కాలర్‌షిప్ అప్లికేషన్లో ఆధార్ నంబరు కొడతాడు, బ్యాంకు ఖాతా చూసుకుంటాడు. అదంతా మీ గదిలోని పాత మిషన్లో విప్పి, మళ్ళీ కడతారా? 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కూడా. రేపు ఆ మిషన్‌ను ఎవరన్నా పట్టుకుంటే ల్యాబ్ ల్యాబంతా పోయిద్ది. ఫోన్లకైతే అసలు కుదరదు. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి, మనిషి చేత్తో వేసిన సర్టిఫికెట్‌ను యాప్‌లు మామూలుగా నమ్మవు. ఇంత చేసి మిగిల్చేది నాలుగు బొమ్మలు.

డిస్కు పక్షం: ఈ ఒక్కదాంట్లో మీ మాటే మాట. బంప్ వద్దు. ప్యాకేజీలకూ అప్‌డేట్లకూ దానితో పని లేదు. ఇక వికీపీడియా కావాలంటే కివిక్స్ ఉంది. మొత్తం తెలుగు వికీపీడియాను ఒక ఫైలుగా దించుకొని లైను లేకుండా చదివించవచ్చు. 2008లో మొదలైన ఆర్జీయూకేటీ విశ్వవిద్యాలయాన్ని చూడండి, పల్లె పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ ఇచ్చి పాఠాలు క్యాంపస్ లోపలి సర్వర్లలోనే ఉంచింది. బయటి లైను మీద ఆధారపడితే ఆ చదువు మొదటి ఏడాదే ఆగేది.

లైను పక్షం: అది గ్రంథాలయం మాస్టారూ, క్యాష్ కాదు. ఏ పుస్తకం కావాలో మనిషి ముందే ఎంచుకొని తెచ్చాడు. దానికి మామూలు వెబ్ సర్వరు చాలు, అందులో డిస్కు ఎంత పెట్టినా అభ్యంతరం లేదు. మీ ప్యాకేజీలను కూడా అట్లాగే చెయ్యండి. ఉబుంటు వాళ్ళ కోసం ఆప్ట్ క్యాషర్ ఉంది, ఆ ఒక్క పనికే పుట్టింది, ఇందాకటి వరసలేవీ అక్కర్లేదు. విండోస్ 10 నుంచి డెలివరీ ఆప్టిమైజేషన్ ఉంది, ఒక కంప్యూటరు దించుకున్నది పక్క కంప్యూటరుకు అదే ఇస్తుంది. సర్వరే అక్కర్లేదు. స్క్విడ్‌ను ఏ సైటు తెరవాలి ఏది తెరవకూడదు అన్న కాపలాకు ఉంచండి. క్యాష్ డిర్ వాక్యం తీసేస్తే అది ఎట్లాగూ మెమొరీతోనే నడుస్తుంది. ఇప్పటి స్క్విడ్ పుట్టుకతో ఉండేదే అట్లా.

డిస్కు పక్షం: ఒక పెట్టెకు బదులు మూడు ఏర్పాట్లు. ఆప్ట్ క్యాషర్ ఒకరు చూడాలి, విండోస్ సెట్టింగులు అరవై మిషన్లలో ఒకరు చూడాలి, స్క్విడ్ కాపలా ఇంకొకరు చూడాలి. చూసే మనిషి లేడన్నది మీరే కదా? పైగా ఆ మూడింటికీ అందని ఫైలు వస్తే? పరీక్షల విభాగం సాఫ్ట్‌వేరు, ప్రింటరు డ్రైవరు, ఎవరో లెక్చరరు చెప్పిన కంపైలరు. ఎవరూ ముందే ఎంచనిది, అరవైమందీ ఒకే పూట అడిగేది. గ్రంథాలయంలో ఆ పుస్తకం ఉండదు. అడిగాక దాచుకునేది ప్రాక్సీ ఒక్కటే.

లైను పక్షం: ఆ ఫైలు హెచ్‌టీటీపీఎస్ మీద వస్తే ప్రాక్సీలోనూ ఉండదు.

డిస్కు పక్షం: రాకపోతే?

లైను పక్షం: రాకపోతే ఎన్ని వస్తాయో చూద్దాం. వాదన ఎందుకు? డిస్కు కొనకముందే నెల రోజులు లాగ్ రాయించండి. మామూలు హెచ్‌టీటీపీ మీద వచ్చినవి, ఒక ఎంబీ దాటినవి, రెండోసారి అడిగినవి. ఈ మూడు జల్లెడల్లో పట్టి ఎన్ని జీబీలు మిగులుతాయో చూడండి. అది నెల మొత్తం వాడకంలో పదో వంతు లేకపోతే ఆ డబ్బుతో లైను పెంచుదాం.

డిస్కు పక్షం: లెక్కకు సిద్ధమే. కాకపోతే సెమిస్టరు మొదలయ్యే నెల పట్టాలి. ల్యాబ్ మొత్తం ఫార్మాట్ చేసి మళ్ళీ ఎక్కించేది అప్పుడే, అరవై మిషన్లూ ఒకే ప్యాకేజీలు అడిగేది అప్పుడే.

లైను పక్షం: ఏడాదిలో రెండు వారాలు ఉండే రద్దీని పట్టుకొని పన్నెండు నెలలకు తూకం వేస్తారా? క్లాసులు మామూలుగా జరిగే నెల ఏదైనా పట్టండి.

డిస్కు పక్షం: మామూలు నెలలో లైను ఇప్పటికే చాలుతుంది కదా సార్. చాలని రెండు వారాల గురించే గదా ఇంతసేపూ మాట్లాడింది.

లైను పక్షం: ఆ రెండు వారాలకు ప్యాకేజీలన్నీ ముందు రోజే ఒక పెన్‌డ్రైవ్‌లో దించుకొస్తే?

డిస్కు పక్షం: ఏ ప్యాకేజీలు కావాలో ముందు రోజే తెలిస్తే.